పాస్టరుగారూ, మా పిల్లలు బడి మానేసినవాళ్లు కారు: ఇంట్లో చదువు చెప్పుకుంటున్న కుటుంబాల బహిరంగ లేఖ

తెలుగు సంఘాల కాపరులకు, సంఘ పెద్దలకు, సండే స్కూల్ నడిపే అక్కలకు అన్నలకు, క్రైస్తవ విద్యాసంస్థల నిర్వాహకులకు,

ప్రభువు నామంలో వందనాలు.

మేము గుంటూరు, బాపట్ల, ఒంగోలు వైపు ఉంటున్న కొన్ని క్రైస్తవ కుటుంబాల వాళ్లం. పిల్లలకు చదువు ఇంట్లోనే చెప్పుకుంటున్నాం. పోయిన వేసవిలో వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) అయిపోగానే మా దగ్గరి పాస్టర్ల ఫెలోషిప్‌కి ఒక ఉత్తరం ఇచ్చాం. అందింది అన్నారు, కమిటీలో పెడతాం అన్నారు. ఆ తర్వాత క్రిస్మస్ వచ్చింది, కొత్త సంవత్సరం వాగ్దాన కార్డులు వచ్చాయి, ఉజ్జీవ సభల పోస్టర్లు వచ్చాయి, ఉత్తరానికి మాత్రం జవాబు రాలేదు. పైగా ఒక ఆదివారం వేదిక మీద నుంచి "బడి మాన్పించి పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టుకుంటున్నవాళ్లు" అని ఒక మాట వచ్చింది. పేర్లు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా, చిన్న ఊళ్లో ఎవరి గురించో అందరికీ తెలుసు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం. ఎవరి మీదా కోపం లేదు అని రాద్దామనుకున్నాం గానీ కొంచెం ఉంది, దాచడం ఎందుకు.

మాలో అందరి కారణం ఒకటి కాదు. ఒక ఇంట్లో తండ్రి సువార్తికుడు, ఏడాదిలో రెండు మూడు ఊళ్లు మారతారు. ఇంకో ఇంట్లో పిల్లవాడికి డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో ఇబ్బంది ఉంది, కిక్కిరిసిన క్లాసులో వాడు వెనక బెంచీకి అలవాటు పడిపోయాడు. మరో ఇంట్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పొద్దున చీకట్లో బయల్దేరి రాత్రి చీకట్లో ఇంటికొచ్చే పిల్లను చూసి తల్లిదండ్రులు చాల్లే అనుకున్నారు. కొందరికి కారణం సూటిగా విశ్వాసమే. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం మీద మీరే ఎన్నోసార్లు ప్రసంగించారు, ఇంట్లో కూర్చున్నప్పుడూ దారిలో నడిచేటప్పుడూ పిల్లలకు నేర్పమని. ఆ మాటను కాస్త ఎక్కువ సీరియస్‌గా తీసుకున్నవాళ్లం అనుకోండి.

ఇది బడి మీద యుద్ధం అని మాత్రం అనుకోవద్దు. సంఘంలో పెద్దవాళ్లు ఎక్కువగా అలాగే అనుకుంటున్నారు, వాళ్ల బాధ మాకు నిజంగానే అర్థమవుతుంది. మన తాతముత్తాతల్లో చాలామందిని ఊరి బడి అరుగు కూడా ఎక్కనివ్వలేదు. 1842లో మిషనరీ హయ్యర్ గుంటూరు వచ్చాక, ఆ తర్వాత ఒంగోలులో ఇంకో మిషనరీ క్లౌ పని మొదలుపెట్టాక, పల్లెపల్లెకూ మిషన్ బడి వచ్చాకే వేలిముద్ర వేసే ఇళ్లలో మొదటి సంతకం పడింది. 1885లో గుంటూరులో ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ మొదలైంది. అలాంటి చరిత్ర ఉన్నవాళ్లు పిల్లను బడికి పంపకపోవడం ఏంటమ్మా అని అడుగుతారు, అడగాల్సిందే. కానీ అదే చరిత్రలో బైబిల్ స్త్రీలు కూడా ఉన్నారు కదా. గడప దాటలేని ఆడవాళ్ల దగ్గరికి వాళ్లే నడిచి వెళ్లి, ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు, వాక్యం చదవడం నేర్పారు. వాళ్ల పనిని సంఘం తన పనిగా లెక్కపెట్టింది, పుస్తకాలిచ్చింది, జీతమూ ఇచ్చింది. మేం జీతం అడగట్లేదు. లెక్కలో వెయ్యమంటున్నాం.

చట్టం సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకుందాం, ఎందుకంటే కొందరు ఇది నేరం అని భయపెడుతున్నారు, ఇంకొందరు చట్టం మనకేం పట్టదు అని ధైర్యం చెబుతున్నారు, రెండూ సరైనవి కావు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. అందులో 10వ సెక్షన్ పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. ఆ బాధ్యత తప్పిన తల్లిదండ్రులకు శిక్ష మాత్రం ఆ చట్టంలో ఎక్కడా రాసి లేదు. ఇంటి చదువుకు ప్రత్యేక గుర్తింపూ లేదు. అంటే మేం నిలబడిన చోటు గట్టి నేల కాదు, ఆ సంగతి తెలిసే నిలబడ్డాం. తల్లిదండ్రులకు ఎవరూ చెప్పని ఇంకో విషయం 4వ సెక్షన్‌లో ఉంది. ఇంట్లో చదివిన పిల్లను రేపు బడిలో చేర్చాలనుకుంటే వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందనో వయసు కాగితం లేదనో వెనక్కి పంపకూడదని 5, 14 సెక్షన్లలో ఉంది. ఈ నాలుగు ముక్కలు ఏ సంఘంలోనైనా ఒక్క ప్రకటనలో చెప్పేయొచ్చు, కానీ ఎవరూ చెప్పరు.

ఇప్పుడు ఆన్‌లైన్ పాఠాల సంగతి. "ఇప్పుడన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదమ్మా, మీకేం లోటు" అంటారు. ఉన్నాయి, నిజమే, అవి ఏంటో తెలిస్తే బోలెడు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండేవి వచ్చాయి. ఇంగ్లీషు రాని తల్లి కూడా తెలుగు పేజీ చూసుకుని ఇంగ్లీషు పేజీ చెప్పగలదు, మాలో చాలామందికి అసలు ఆధారం అవే. వాటి పీడీఎఫ్‌లు ఉచితం. 2017లో మొదలైన దీక్షా యాప్‌లో పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియో వస్తుంది. తెలంగాణ వాళ్లకు టీ-శాట్ పాఠాలున్నాయి. లెక్కలకు ఖాన్ అకాడమీ ఉంది, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథల పుస్తకాలు కావలసినన్ని ఉన్నాయి, అవి దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, మార్చుకుని మళ్లీ పంచుకోవచ్చు కూడా. తెలుగు బైబిల్ ఆడియోలో దొరుకుతుంది. క్రైస్తవ ఇళ్ల కోసమే పెట్టినవి కావాలంటే ఇంగ్లీషులో ఈజీ పీజీ, యాంబుల్‌సైడ్ ఆన్‌లైన్ లాంటివి ఉచితం. రెండోది ఇంగ్లండ్‌లో షార్లెట్ మేసన్ అనే టీచరమ్మ నేర్పిన పద్ధతి మీద నడుస్తుంది. పిల్లకు మంచి పుస్తకం చదివి వినిపించి, విన్నది తన సొంత మాటల్లో తిరిగి చెప్పించడం అందులో ముఖ్యమైన పని. దానికి పైసా ఖర్చు లేదు, డేటా కూడా అక్కర్లేదు. మన అమ్మమ్మలు కథ చెప్పి "ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు" అనేవాళ్లు, దాదాపు అదే.

మరి లేనిదేంటి? తెలుగులో సండే స్కూల్ పాటలున్నాయి, యాక్షన్ సాంగ్స్ ఉన్నాయి, నోవహు ఓడ బొమ్మల వీడియోలు లెక్కలేనన్ని. కానీ ఒక తల్లి సోమవారం పొద్దున తెరిచి, మూడో తరగతి పిల్లకు ఈ వారం తెలుగులో ఇది, లెక్కల్లో ఇది, బైబిల్లో ఇది అని వరసగా చెప్పుకుపోయేలా తెలుగులో తయారుచేసిన క్రైస్తవ పాఠాల వరస మాకు ఇంతవరకూ దొరకలేదు. అన్నీ ముక్కలు ముక్కలు. వాటిని ఏరి కూర్చడానికి తల్లి రాత్రి పదకొండు దాకా ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది, ఆ ఫోన్ పొద్దున్నే ఆయనతో పాటు పనికి వెళ్లిపోతుంది.

ఈ ఖాళీలోకి అమెరికా పాఠాలు వచ్చి కూర్చుంటున్నాయి. వాటిలో మంచివి ఉన్నాయి, కాదనం. ధర డాలర్లలో ఉంటుంది, పుస్తకాలు తెప్పిస్తే పోస్టు ఖర్చు వేరే, అది ఒక గొడవ. అంతకంటే పెద్దది లోపలున్న సరుకు. చీరాల పిల్ల క్వార్టర్లు, డైములతో చిల్లర లెక్కలు చేస్తోంది. గ్యాలన్లు, మైళ్లు, ఫారన్‌హీట్. 1620లో ప్లిమత్‌లో దిగిన యాత్రికుల గురించి, థాంక్స్‌గివింగ్ టర్కీ కోడి గురించి గడగడా చెబుతుంది, తన సంఘం ఎలా పుట్టిందో చెప్పమంటే మొహం చూస్తుంది. ఇది పిల్ల తప్పా?

ఒంగోలు పక్కన బకింగ్‌హాం కాలువ ఉంది. 1876 నుంచి 78 దాకా కరువొచ్చినప్పుడు క్లౌ ఆ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ ఒక్క సంగతి చుట్టూ నెల రోజుల పాఠాలు అల్లొచ్చు. కాలువ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో మ్యాపులో గీయించొచ్చు, ఇంత పొడవు ఇంత లోతు తవ్వితే ఎంత మట్టి వస్తుందో లెక్క కట్టించొచ్చు, కరువు ఎందుకొస్తుందో, అప్పటి ప్రభుత్వం ఏం చేసిందో ఏం చెయ్యలేదో చెప్పొచ్చు, అన్నం కోసం చేరారా నమ్మి చేరారా అని అప్పట్లో వచ్చిన వాదన కూడా పెద్ద పిల్లల ముందు పెట్టొచ్చు, దాన్ని దాచాల్సిన పని లేదు. తెలుగు పాఠానికి వినుకొండలో పుట్టిన జాషువా పద్యాలున్నాయి. పురుషోత్తమ చౌదరి కీర్తనలు మీ ఆరాధనలో ప్రతి వారం పాడుతున్నారు, వాటిలో కఠిన పదాలకు అర్థం రాసి పెట్టినా పిల్లకు ఒక ఏడాది తెలుగు వస్తుంది. ఈ సరుకంతా మీ బీరువాల్లో, మీ సెమినరీ లైబ్రరీల్లో, మీ పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో ఉంది. మా చేతికి రావట్లేదు, అంతే.

మీరు పట్టించుకోకపోవడం వల్ల మామూలు ఇళ్లలో ఏం జరుగుతోందో రాస్తున్నాం.

1. పిల్లల మీద ముద్ర పడుతోంది. సండే స్కూల్లో "ఏ స్కూలమ్మా" అని అడుగుతారు. ఇంట్లో అంటే పక్క పిల్లలు నవ్వుతారు, టీచరక్క ఏమీ అనదు. పదేళ్ల పిల్ల ఆదివారం కడుపునొప్పి అని మొదలుపెట్టింది. బడి వల్ల కడుపునొప్పి వచ్చే పిల్లల్ని చూశాం గానీ గుడి వల్ల వచ్చే పిల్లను ఇప్పుడే చూస్తున్నాం.

2. తల్లి ఒంటరిదైపోతోంది. మగవాళ్లు ఈ నిర్ణయంలో భాగస్వాములే, కాదనట్లేదు, కానీ రోజూ కూర్చుని చెప్పేది దాదాపు అన్ని ఇళ్లలోనూ తల్లే. వంట, అత్తగారి మందులు, చిన్నదాని డైపర్లు, మధ్యలో భిన్నాలు. పిల్లకు ఒక లెక్క రాకపోతే "చూశావా, బడికి పంపి ఉంటే" అని ఇంట్లోనే నలుగురు అంటారు. ఆమె స్త్రీల సమాజంలో చెప్పుకుంటే "ప్రార్థన చేద్దాం సిస్టర్" అంటారు. ప్రార్థన చేయండి, కాదనం. చేశాక ఆ పిల్లకు భిన్నాలు చెప్పగల రిటైర్డ్ లెక్కల టీచరు అదే సంఘంలో మూడో వరసలో కూర్చుని ఉంటారు, ఆయన్ని కలపండి. మాకు ప్రోత్సాహం అంటే అది.

3. పనికిరాని సర్టిఫికెట్లు అమ్ముడుపోతున్నాయి. ఇది అన్నిటికంటే ప్రమాదం, అందుకే వివరంగా రాస్తున్నాం. టెక్సాస్‌లో ఉన్న బంధువులు ఫోన్ చేసి ఏం భయం లేదు, మేమూ అలాగే చదివించాం అంటారు. అక్కడ ఇంటి చదువును ప్రైవేటు బడిలాగే చూస్తారు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తల్లిదండ్రులు సంతకం పెట్టిన డిప్లొమాతో కాలేజీకి అప్లై చేసుకుంటారు. ఇక్కడ గుర్తింపు ఉన్న బోర్డు మార్కుల మెమో లేకుండా ఇంటర్ అప్లికేషన్ కూడా నింపలేరు. ఈ తేడా తెలియని ఇళ్ల దగ్గరికి "అమెరికన్ అక్రిడిటేషన్" అంటూ కొందరు వస్తున్నారు, పైగా సంఘాల ద్వారానే వస్తున్నారు. వాక్యం పేరు చెప్పి వచ్చినవాళ్లను ఎవరు అనుమానిస్తారు? బయటి దేశపు సర్టిఫికెట్ అయితే దాన్ని ఇక్కడి చదువుతో సమానంగా అధికారికంగా ఒప్పుకుంటారా అని డబ్బు కట్టకముందే చూసుకోవాలి. ఇక్కడి బోర్డు అయితే దానికి ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. ఫలానా పాస్టరుగారు చెప్పారు కదా అని ఫీజు కట్టినవాళ్లు ఉన్నారు.

4. పదో తరగతి దగ్గర ఏడాదులు పోతున్నాయి. 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, ఎన్‌ఐఓఎస్, 14 ఏళ్లు నిండిన పిల్లలకు పది రాయనిస్తుంది, తెలుగులోనూ రాయొచ్చు, ఏడాదికి రెండుసార్లు పబ్లిక్ పరీక్షలుంటాయి, ఒకసారి చేరితే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు. చిన్న తరగతులకు 3, 5, 8తో సమానమైన స్థాయిలు విడిగా ఉన్నాయి. ఆంధ్రాలో, తెలంగాణలో రాష్ట్ర ఓపెన్ స్కూళ్లు కూడా ఉన్నాయి. అయిదు సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు, ఇక్కడే బోల్తా పడేది. లెక్కలు కష్టం అని లెక్కలు లేకుండా పది పాస్ అయిన పిల్లవాడు తర్వాత పాలిటెక్నిక్ అంటే వీల్లేదు, పాలీసెట్‌కు పదిలో లెక్కలు ఉండాలి. ఎంపీసీ అన్నా అంతే. ఆఖరి తేదీలు, అసైన్‌మెంట్లు, ప్రాక్టికల్స్ ఎక్కడ, ఏవీ తెలియక ఒక విడత పోగొట్టుకుంటే పిల్లకు అర్ధ సంవత్సరం పోయినట్టే. సైన్సులో మీకు నచ్చని పాఠాలు ఉన్నాయని ఆ సబ్జెక్టే వద్దనిపించిన పెద్దలూ ఉన్నారు. ఇంట్లో ఏం నమ్మినా పుస్తకంలో ఏముందో పిల్లకు తెలియాలి, పరీక్షలో రాయగలగాలి, తర్వాత ఆలోచించుకునే బుర్ర దేవుడు వాళ్లకీ ఇచ్చాడు. ఇది నా సొంత అభిప్రాయం, మా గుంపులో అందరూ ఒప్పుకోరు.

5. డేటా. రోజుకు జీబీన్నర వచ్చే రీచార్జ్, ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఒక ఫోను. రెండు వీడియో పాఠాలకే మెసేజ్ వచ్చేస్తుంది, సగం డేటా అయిపోయిందని.

ఇక అడిగేవి. పెద్ద కోరికలేం కావు, చాలావాటికి డబ్బు కూడా అక్కర్లేదు.

1. వేదిక మీద నుంచి మా పిల్లల్ని బడి మానేసినవాళ్లు అనడం ఆపండి. సండే స్కూల్ రిజిస్టర్లో తరగతి గడిలో "ఇంట్లో, 4వ తరగతి" అని రాయండి.

2. సంఘం హాలు సోమవారం నుంచి శనివారం దాకా తాళం వేసి ఉంటుంది. వారంలో రెండు పూటలు తెరవండి. లైవ్ స్ట్రీమింగ్ కోసం పెట్టిన ఇంటర్నెట్ ఉంది, ఎల్‌ఈడీ స్క్రీన్ ఉంది, ఏసీ వెయ్యకపోయినా ఫర్వాలేదు, ఫ్యాన్లు చాలు. మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే అందులో కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, ఖాన్ అకాడమీ పాఠాలు ఒకసారి దించి పెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఇంటర్నెట్ లేకుండానే హాల్లో ఉన్న వైఫై మీద పిల్లల ఫోన్లకు, ట్యాబ్‌లకు ఆ పాఠాలు వస్తాయి. మీ యవ్వనస్థుల్లో ఇంజినీరింగ్ చదివేవాళ్లకు ఇది ఒక సాయంత్రం పని. ఈ హాలు మా పిల్లలకే అని కాదు, ట్యూషన్ ఫీజు కట్టలేని ప్రభుత్వ బడి పిల్లలూ రావచ్చు, ఏ మతం వాళ్లైనా రావచ్చు, అలా అయితేనే మంచిది అనిపిస్తుంది.

3. తెలుగులో పాఠాల వరస తయారుచెయ్యండి. క్రైస్తవ కాలేజీలు, ట్రైనింగ్ స్కూళ్లు నడుపుతున్నవాళ్లను ప్రత్యేకంగా అడుగుతున్నాం. మొదట ఒకటి నుంచి అయిదు తరగతులకు చాలు. ప్రభుత్వ పుస్తకాన్నే ఆధారంగా పెట్టుకుని, ఏ వారం ఏ పాఠం, దానితో పాటు ఏ బైబిల్ భాగం, ఏ కీర్తన, ఏ కథ అని ఒక్కో వారానికి రెండు పేజీల పీడీఎఫ్, పది నిమిషాల ఆడియో. వీడియో వద్దు, డేటా సంగతి పైన చెప్పాం. ఎవరైనా దించుకుని అచ్చు వేసుకునేలా స్టోరీవీవర్ వాళ్లు ఇచ్చినట్టే స్వేచ్ఛగా ఇవ్వండి. మీ లోగో ఎంత పెద్దదైనా వేసుకోండి, తాళం మాత్రం వెయ్యొద్దు. మాలో రాయగలిగినవాళ్లం ఉన్నాం, తప్పులు దిద్దే ఒక తెలుగు పంతులుగారిని ఇవ్వండి.

4. మండలానికో జిల్లాకో ఒక మనిషిని పెట్టండి, ఓపెన్ స్కూల్ అడ్మిషన్ తేదీలు, సబ్జెక్టుల ఎంపిక, మళ్లీ బడిలో చేర్చడం గురించి అడిగితే చెప్పేలా. రిటైర్డ్ హెడ్మాస్టర్లు మన సంఘాల్లో తక్కువేం లేరు. పిల్లకు బాప్తిస్మ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే జనన ధ్రువీకరణ పత్రం తీసుకున్నారా అని కూడా అడగండి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు ఇకమీదట పుట్టిన తేదీకి రుజువుగా అదే కాగితం కావాలి.

5. పాఠాలు, సర్టిఫికెట్లు అమ్మేవాళ్లను వేదిక ఎక్కించే ముందు పైన సర్టిఫికెట్ల గురించి చెప్పిన రెండు విషయాలు అడగండి. కాగితం చూపించకపోతే మైకు ఇవ్వొద్దు.

6. మమ్మల్ని కూడా అడగండి. ఇది మా మీదికే వచ్చే కోరిక, మా గుంపులో దీని మీద చాలాసేపు వాదన అయింది, అయినా రాస్తున్నాం. ఇంటి చదువు అని పేరు పెట్టి పిల్లను షాపులో కూర్చోబెట్టినవాళ్లు, తమ్ముళ్లను చూసుకోవడానికి ఆడపిల్లను ఆపేసినవాళ్లు, కొట్టే విషయం బయటికి రాకూడదని బడికి పంపనివాళ్లు ఎక్కడైనా ఉండొచ్చు. ఇంట్లో ఉండే పిల్లను రోజూ చూసే టీచరు ఉండదు, అందుకే ఎవరో ఒకరు చూడాలి. మూడు నెలలకోసారి పిల్లల నోటు పుస్తకాలు తీసుకొస్తాం, ఒక పేజీ చదివించండి, నాలుగు లెక్కలు చేయించండి, తల్లిదండ్రులు పక్కన లేకుండా కాసేపు మాట్లాడండి. ఏదైనా తేడాగా అనిపిస్తే సంఘం పరువు అని ఊరుకోకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. ఏడాదైనా చదువు సాగడం లేదని తేలితే ఆ తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి పిల్లను బడిలో చేర్పించండి. ఆ మాట మీరు చెబితే వింటారు, ఎంఈఓ (మండల విద్యాధికారి) చెబితే దాక్కుంటారు.

7. తల్లుల కోసం నెలకో పూట. ప్రసంగం వద్దు దయచేసి. పిల్లల్ని యవ్వనస్థులు రెండు గంటలు చూసుకుంటే, తల్లులు కూర్చుని ఎవరికి ఏ పాఠం అడ్డం పడిందో మాట్లాడుకుంటారు, టీ తాగుతారు. అంతే.

ఈ లేఖ కాపీలు మా మూడు జిల్లాల్లోని సంఘాల ఆఫీసులకు చేత్తో ఇస్తున్నాం, ఈసారి అందినట్టు సంతకం తీసుకుంటున్నాం. జవాబు కాగితం మీద కావాలి. అన్నీ కుదరవంటే ఏది కుదురుతుందో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో రాయండి. హాలు తాళం, సండే స్కూల్ రిజిస్టర్, ఈ రెండింటికి కమిటీ మీటింగ్ కూడా అక్కర్లేదు కాబట్టి వాటి సంగతి వచ్చే ఆదివారమే చెప్పొచ్చు. మిగతావాటికి జూన్‌లో బళ్లు తెరిచే లోపు చెప్పండి, ఎందుకంటే మాలో కొందరు పిల్లల్ని బడిలో చేర్చాలా వద్దా అనేది ఆ జవాబును బట్టే తేల్చుకోవాలనుకుంటున్నారు.

ఇట్లు,
ఇంట్లో చదువు చెప్పుకుంటున్న కుటుంబాల తరఫున,
ఒక తల్లి